నిమ్మకాయ, చింతపండు, కుంకుడుకాయ: ఇంటి శుభ్రతలో అపోహలు – వాస్తవాలు

శ్రీకాళహస్తి కలంకారీ చీర మీద సాంబారు చుక్క పడుతుంది. నిమ్మచెక్కతో రుద్దితే పోతుందని ఎవరో చెబుతారు, రుద్దుతారు. మరక అలాగే ఉంటుంది, పక్కనున్న నెమలి బొమ్మ నల్లగీత మాత్రం వెలిసిపోతుంది. తిరుపతిలో పెళ్లిళ్ల సీజన్ అయిందంటే ఇలాంటి చీరలు మా దగ్గరికి వరసగా వస్తాయి. పాపం, తెచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "మేం కెమికల్ ఏదీ తగలనీయలేదండీ, నిమ్మకాయే కదా!"

అపోహ: చెట్టు నుంచి వచ్చిందే కాబట్టి దేని మీద రుద్దినా, దేంతో కలిపినా ఏమీ కాదు.

నిమ్మరసంలో ఉండేది సిట్రిక్ ఆమ్లం. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం. కాయలోంచి పిండినా, సీసాలోంచి పోసినా ఆమ్లం పని ఆమ్లమే చేస్తుంది.

కలంకారీలో నలుపు ఎలా వస్తుందో చూడండి. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు రోజుల తరబడి నానేస్తారు. ఆ నీళ్లతో గీసిన గీత, గుడ్డకు ముందే పట్టించిన కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. పులుపు తగిలితే ఆ ఇనుము కరిగి గీత వదిలేస్తుంది. పోయిన నలుపు ఎంత ఉతికినా రాదు, కలం పట్టేవాళ్ల చేత మళ్లీ గీయించుకోవడమే దారి. కాబట్టి మరక పడగానే చల్లటి నీళ్లలో తడిపిన తెల్లగుడ్డతో అద్దండి, రుద్దకండి. నూనె మరకైతే పౌడర్ చల్లి గంటసేపు ఉంచి దులపండి. ఆ తర్వాతే పలచటి కుంకుడు నురగ, అదీ లోపలి అంచు మీద ఒక చుక్క వేసి చూశాక. కుంకుడు రసానికీ కొద్దిగా పుల్లటి గుణం ఉంది, అందుకే అయిదు నిమిషాలకు మించి నాననివ్వొద్దు. నీడలోనే ఆరేయాలి.

జరీ సంగతీ ఇంతే. రాగి తీగ మీద పూత పూసిన జరీ అయితే చింతపండు పులుసు ఆ పూతను తినేస్తుంది. ఇత్తడి బోకులు తళతళలాడాయని వెంకటగిరి చీర అంచుకు అదే వైద్యం చేయకండి.

ఇక బండలు. కడప బండ, బేతంచర్ల బండ, పాలరాయి, ఇవన్నీ సున్నపురాయి జాతి. నిమ్మరసం పడి కాసేపు నిలిస్తే పాలిష్ పోయి తెల్లటి మచ్చ దిగుతుంది. అది మురికి కాదు, రాయే కరిగిపోయిన చోటు. తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. గ్రానైట్ దీన్ని చాలావరకు తట్టుకుంటుంది. మీ వంటగట్టు ఏ రాయో తెలియకపోతే పులుపు దాని దగ్గరికి తీసుకుపోకండి.

అన్నిటికన్నా ప్రమాదం బాత్రూమ్‌లో జరుగుతుంది. బ్లీచింగ్ పౌడర్ చల్లిన బండల మీదే వెనిగరో, నిమ్మరసమో, తొక్కలు, బెల్లం పులియబెట్టి ఇంట్లో చేసిన బయోఎంజైమో పోస్తున్నారు, రెండూ కలిస్తే ఇంకా బాగా పనిచేస్తుందని. పుట్టేది క్లోరిన్ వాయువు. కళ్లు మండుతాయి, దగ్గు ఆగదు, తలుపు మూసిన చిన్న గదిలో ఊపిరితిత్తులే దెబ్బతినొచ్చు. ఆమ్లంతో చేసిన టాయిలెట్ క్లీనర్‌తో కలిపినా ఇదే జరుగుతుంది. బ్లీచింగూ ఆమ్లమూ ఒకే రోజు వాడొద్దు. ఒకదాన్ని వాడాక నీళ్లు బాగా కొట్టి కడిగేసి, రెండోది మర్నాడు. పొరపాటున కలిస్తే కడుగుదామని అక్కడే నిలబడకండి. వెంటనే బయటికి వచ్చి గాలి ఆడే చోట ఉండండి. ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి.

అపోహ: కుంకుడు రసం ఒకసారి కాచిపెట్టుకుంటే నెలల తరబడి ఉంటుంది.

ఉండదు. మన ఎండలకు రెండు మూడు రోజుల్లో పులిసి వాసన కొడుతుంది, ఫ్రిజ్‌లో పెడితే వారం. ఏ రోజుది ఆ రోజు చేసుకోవడమే మంచిది. ఒక పట్టుచీరకు ఎనిమిది, పది కాయలు కొట్టి గింజలు తీసేయండి, సబ్బు గుణమంతా పైగుజ్జులోనే ఉంది. అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానేసి, పొద్దున పిసికి పలచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. పిప్పి చీర మీద నిలిస్తే గోధుమరంగు మచ్చలు పడతాయి. ఎక్కువ మరిగించినా రసం ముదురురంగుకు తిరుగుతుంది, తెల్లగుడ్డలకు అది పనికిరాదు. ఈ రసాన్ని అర బకెట్ నీళ్లలో కలిపి చీరను జాడించి, మూడుసార్లు మంచినీళ్లలో తీయండి. చాకలి సోడా క్షారం, పట్టును పెళుసుబారుస్తుంది. పట్టుకూ ఉన్నికీ కుంకుడే సరి. కంట్లో పడితే మాత్రం మంట భరించలేం, పిల్లల్ని దూరంగా ఉంచండి.

అపోహ: నురగ రాలేదంటే మురికి పోలేదు. నురగకూ మురికికీ సంబంధం లేదు. తెలుగుగంగ నీళ్లు వచ్చే వీధిలో వచ్చినంత నురగ బోరు నీళ్లలో రాకపోవచ్చు. అయినా కుంకుడు, సబ్బులాగా గట్టినీళ్లలో తెట్టు కట్టదు.

అపోహ: కుంకుడు డిటర్జెంటులా తెల్లగా చేస్తుంది. చేయదు. డిటర్జెంటు పొడుల్లో ఎండకు మెరిసే రసాయనాలు కలుపుతారు, అవి ఇందులో లేవు.

అపోహ: వంటసోడా, వెనిగర్ కలిపితే బలం రెట్టింపు. రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది బుడగలూ ఉప్పునీళ్లూ. విడివిడిగా వాడండి.

అపోహ: సబ్బు పెట్టగానే పసుపు మరక ఎర్రబడింది, గుడ్డ పాడైపోయినట్టే. భయపడకండి. క్షారం తగిలితే పసుపు ఎర్రగా మారుతుంది, బాగా జాడిస్తే మళ్లీ పచ్చబడుతుంది. తెల్ల నూలు గుడ్డను ఎండలో వేస్తే ఆ పచ్చా క్రమంగా పోతుంది.

అపోహ: ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలైతే కుంకుడు నీళ్లతో తుడిస్తే చాలు. చాలదు. కుంకుడు మురికిని వదిలిస్తుంది కానీ క్రిమిసంహారిణి కాదు. అక్కడ బ్లీచింగే వాడాలి, నీళ్లు తప్ప మరేదీ కలపకుండా.

బయోఎంజైమ్ గురించి రోజూ అడుగుతారు. ఒక పాలు చిత్తూరు బెల్లం, మూడు పాళ్లు నిమ్మ, బత్తాయి తొక్కలు, పది పాళ్లు నీళ్లు. మూడు నెలలు పులియాలి. మొదటి నెల రోజూ మూత వదులు చేయాలి, లేకపోతే గ్యాస్ పట్టి డబ్బా పగులుతుంది. గాజుసీసా అసలే వద్దు. డబ్బాలో నాలుగో వంతు ఖాళీ ఉంచండి. తయారయ్యేదీ ఆమ్లమే కాబట్టి పైన కడప బండకూ బ్లీచింగ్‌కూ చెప్పిందంతా దీనికీ వర్తిస్తుంది.

కుంకుడు నీళ్లు సహజమే కదా అని చెరువులోనో కాలువలోనో పారబోస్తున్నారు. అందులో నురగ పుట్టించే సపోనిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. బాగా పలచన చేసి పెరట్లో కొబ్బరిచెట్టు పాదులో పోయండి.