అమ్మల పత్రికకి డబ్బులు ఎక్కణ్ణుంచి వచ్చేవి?

ఉగ్గు ఎలా చెయ్యాలో చెప్తూ మొదలెట్టి చివర్లో బేబీ సబ్బుకి కూపన్ కోడ్ ఇచ్చే రీల్స్ చూసి, ఈ కాలం అమ్మలు అన్నిటినీ బిజినెస్ చేసేశారని విసుక్కునేవాళ్ళు చాలామందే ఉన్నారు. నాకూ విసుగే. కాకపోతే తెలుగులో అమ్మల కోసం వచ్చిన పత్రికల కథ కాస్త వెనక్కి తిరగేస్తే 1928లోనే ఓ మందు సీసా కనపడుతుంది.

అంతకుముందు సంగతి రెండు ముక్కల్లో చెప్తా. 1883లో కందుకూరి వీరేశలింగం గారు సతీహితబోధిని పెట్టారు, పేరులోనే ఉంది కదా, ఆయన బోధిస్తారు సతులు వింటారు. 1902లో సత్తిరాజు సీతారామయ్య గారు ఏలూరు నుంచి హిందూసుందరి మొదలెట్టి, సంపాదకత్వం మొసలికంటి రమాబాయమ్మ గారు, వెంపలి శాంతాబాయి గారు లాంటి ఆడవాళ్ళ చేతుల్లో పెట్టారు. భండారు అచ్చమాంబ గారి ధనత్రయోదశి కథ ఆ ఏడాదే అందులో వచ్చింది. కానీ చదివేవాళ్ళేరీ? 1901 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద చదువొచ్చిన ఆడవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు, ఇంక వాళ్ళ చందాలతో పత్రిక నడవడం అంటే కష్టమే, ఎవరో ఒకళ్ళు చేతి డబ్బు పెట్టుకోవాల్సిందే.

ఇక్కడే డాక్టర్ కె.ఎన్. కేసరి గారు వస్తారు. 1875లో ఒంగోలు దగ్గర ఇనమనమెళ్ళూరులో పుట్టి, కటిక పేదరికంలో చిన్నప్పుడే మద్రాసు చేరి, నానా కష్టాలు పడి వైద్యం నేర్చుకుని, కేసరి కుటీరం అని ఆయుర్వేద మందుల సంస్థ పెట్టారు. అందులో బాగా పేరొచ్చిన మందు లోధ్ర, ఆడవాళ్ళ ఆరోగ్య సమస్యలకి వాడేది. లోధ్ర అంటే మన లొద్దుగ చెట్టే లెండి, దాని బెరడు ఆయుర్వేదంలో ఎప్పట్నుంచో ఉన్నదే, కానీ దాన్ని సీసాలో పోసి ప్రకటనలు వేసి ఇంటింటికీ చేర్చింది ఈయన. అలా ఆడవాళ్ళ మందు మీద సంపాదించిన డబ్బుతోనే 1928లో మద్రాసు నుంచి గృహలక్ష్మి మాసపత్రిక పెట్టారు. సీసా కొనేదీ పత్రిక చదివేదీ ఒకే ఇల్లాలు. ఇందులో దాపరికం ఏమీ లేదు, రెంటి వెనకా ఉన్నది ఆయనేనని అందరికీ తెలుసు.

అలాగని అది ఉత్త మందుల కరపత్రం అనుకుంటే తప్పే. కనుపర్తి వరలక్ష్మమ్మ గారు శారద లేఖలు రాసింది ఇందులోనే. శారద అనే ఆవిడ తన స్నేహితురాలు కల్పలతకి ఉత్తరాలు రాస్తున్నట్టు నడిపిన శీర్షిక అది, ఇంట్లో కబుర్లలా మొదలై మెల్లిగా శారదా చట్టం దాకా వెళ్ళిపోయేది. ఆ చట్టం 1929లో వచ్చింది, ఆడపిల్ల పెళ్ళికి కనీస వయసు 14 ఏళ్ళు అని పెట్టింది, దాని మీద ఎంత గొడవ జరిగిందో తెలిస్తే ఇల్లాళ్ళ పత్రికలో ఓ ఇల్లాలు దాని గురించి రాయడం ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది. పత్రిక పేరేమో గృహలక్ష్మి, లోపల మాత్రం గృహం దాటిన మాటలు. నాకు ఈ తిరకాసే నచ్చుతుంది. తర్వాత రచయిత్రులకి గృహలక్ష్మి స్వర్ణకంకణం ఇవ్వడం మొదలెట్టారు, 1934లో మొదటిది వరలక్ష్మమ్మ గారికే. శాలువా కాదండీ, బంగారు కంకణం!

తర్వాత తర్వాత అమ్మలకి విడిగా పత్రిక అనే ఆలోచన పెద్ద పత్రికల్లో ఓ శీర్షికగానో, ఓ పేజీగానో కలిసిపోతూ వచ్చింది. ఆంధ్రప్రభ వీక్లీలో మాలతీ చందూర్ గారి ప్రమదావనం దశాబ్దాల పాటు నడిచింది, ఊరగాయ బూజు పట్టడం దగ్గర్నుంచి అత్తగారితో గొడవ దాకా ఏదడిగినా ఆవిడ దగ్గర జవాబుండేది. 90ల్లో ఈనాడు వసుంధర పేజీతో ఇది రోజూ పొద్దున్నే కాఫీతో పాటు వచ్చే సరుకైపోయింది. చందా విడిగా కట్టక్కర్లేదు, ఖర్చంతా పక్కనున్న యాడ్ చూసుకుంటుంది.

ఆ యాడ్స్‌కి ఓ కళ్ళెం పడింది కూడా ఆ రోజుల్లోనే. 1992లో తల్లిపాలకి బదులు పట్టే డబ్బా పాలు, పాలసీసాల మీద కేంద్రం చట్టం తెచ్చి వాటి ప్రకటనల్ని ఆపేసింది, 2003లో దాన్ని ఇంకా బిగించి రెండేళ్ళ లోపు పిల్లల కోసం అమ్మే ఆహారానికీ వర్తింపజేశారు. మిగిలినవి డైపర్లు, సబ్బులు, నూనెలు. ఇప్పుడు రీల్స్ నిండా కనపడేవీ అవే. డబ్బులు తీసుకుని చెప్తుంటే యాడ్ అని లేబుల్ పెట్టాలని ప్రకటనల మండలి ఇన్‌ఫ్లుయెన్సర్లకి 2021లో నియమం పెట్టింది, చాలామంది దాన్ని హ్యాష్‌ట్యాగుల గుంపులో ఎక్కడో చివర్న పడేస్తున్నారు.