గ్రహం కొలత తేలాలంటే పక్కచుక్క సంగతి తేలాలి

గ్రహం తన నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు తగ్గే వెలుగును బట్టి గ్రహాలను వెతికే టెస్ ఉపగ్రహం కెమెరాలో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 21 ఆర్క్‌సెకన్ల మేర చూస్తుంది (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). అంతకుముందు ఇదే పని చేసిన కెప్లర్ టెలిస్కోపుకు అది 4 ఉండేది. అంత చోటులో రెండు నక్షత్రాలున్నా వాటి వెలుగు కలిసే నమోదవుతుంది. గ్రహం అడ్డొచ్చినప్పుడు మసకబారేది ఒక్క నక్షత్రమే. మనం లెక్కించేది మాత్రం మొత్తం వెలుగులో ఎంత తగ్గిందని. దాంతో గ్రహం ఉన్నదానికన్నా చిన్నదిగా తేలుతుంది.

సవరణ సూత్రం సులువే. మొత్తం వెలుగును గ్రహమున్న నక్షత్రం వెలుగుతో భాగించి, వర్గమూలం తీసి, దానితో వ్యాసార్ధాన్ని గుణించాలి. రెండు నక్షత్రాలూ సమానంగా వెలుగుతుంటే 1.41 రెట్లు. అప్పుడు ఘనపరిమాణం 2.8 రెట్లవుతుంది, సాంద్రత దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. రాతిగ్రహం అనుకున్నది కాస్తా మందపాటి వాయుపొర ఉన్న గ్రహం కావచ్చు. తోడు నక్షత్రం 2 మాగ్నిట్యూడ్లు (ప్రకాశపు కొలమానం; ఇక్కడ దాదాపు ఆరు రెట్లు) మసకగా ఉంటే తేడా 8 శాతమే. కానీ గ్రహం ఆ మసక నక్షత్రం చుట్టూ తిరుగుతుంటే గుణకం 2.7, పైగా లెక్కలో ఆ నక్షత్రం వ్యాసార్ధమే వాడాలి. కెప్లర్-13 అనే నక్షత్రం పక్కన ఒక ఆర్క్‌సెకను పైచిలుకు దూరంలో దాదాపు అంతే ప్రకాశమున్న నక్షత్రం ఉంది. దాన్ని పట్టించుకోకపోతే అక్కడి గ్రహం వ్యాసార్ధం పావు వంతుకు పైగా తగ్గి కనిపిస్తుంది.

తోడు నక్షత్రాల వెతుకులాట, గయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల జాబితాతో మొదలుపెట్టాలి. 2022 జూన్‌లో వచ్చిన మూడో విడుదలలో ఒకే పారలాక్స్ (దూరాన్ని తెలిపే కొలత), ఒకే సొంత చలనం (ఆకాశంలో నక్షత్రం జరిగే తీరు) ఉన్న పొరుగు చుక్కలను ఏరాలి. రెండు చుక్కల మధ్య ఆకాశంలో కనిపించే ఎడాన్ని ఆర్క్‌సెకన్లలో, దూరాన్ని పార్సెక్‌లలో (ఒక పార్సెక్ సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) తీసుకుని గుణిస్తే వాటి మధ్య దూరం ఖగోళ యూనిట్లలో వస్తుంది (భూమికీ సూర్యుడికీ మధ్య దూరం ఒక యూనిట్). 55 కాంక్రి అనే నక్షత్రానికి ఎడం 85, దూరం 12.6, అంటే దాని ఎర్ర మరుగుజ్జు తోడు కనీసం 1,070 యూనిట్ల అవతల ఉంది. జంట మొత్తం ద్రవ్యరాశి సూర్యుడంత అయితే, 1,000 యూనిట్ల దూరంలో పలాయన వేగం సెకనుకు 1.3 కిలోమీటర్లు. సాపేక్ష వేగం అంతకు మించితే అవి కట్టుబడి ఉన్న జంట కాదు.

ఇక్కడే చాలా నిజమైన జంటలు చేజారతాయి. తోడు నక్షత్రమే మళ్లీ జంట అయితే దాని ఊగిసలాట వల్ల గయా పారలాక్స్ తప్పుతుంది, కానీ ప్రకటించిన దోషం చిన్నదిగానే ఉంటుంది. అందుకే రూవీ విలువ (గయా కొలతలు ఒంటరి నక్షత్రపు చలనానికి ఎంత బాగా సరిపోయాయో చెప్పే అంకె; 1 దగ్గరుంటే మంచిది) 1.4 దాటిన చుక్కను పారలాక్స్ కలవలేదన్న ఒక్క కారణంతో కొట్టేయకూడదు.

0.7 ఆర్క్‌సెకన్ల లోపలి జంటలను గయా అరుదుగానే విడదీస్తుంది. 100 పార్సెక్‌ల దూరంలో అది 70 యూనిట్లు. గ్రహాలు పుట్టే వాయుధూళి పళ్లేన్ని తోడు నక్షత్రం కత్తిరించగలిగే చోటు అదే. అక్కడ పెద్ద టెలిస్కోపు కావాలి. స్పెకిల్ పద్ధతిలో 60 మిల్లీసెకన్ల చొప్పున వెయ్యి చిత్రాలు తీసి, గాలి అలజడిని గణితంతో తొలగిస్తారు. ఎక్స్‌పోజర్ పెంచితే గాలి అలజడి వల్ల చిత్రంలో ఏర్పడే చిన్న మచ్చలు (స్పెకిల్స్) కలిసిపోయి సమాచారం పోతుంది.

కొత్త చుక్క కనిపించగానే తోడు అనడం తొందరపాటు. ప్రధాన నక్షత్రం ఏటా 100 మిల్లీఆర్క్‌సెకన్లు కదులుతుంటే రెండేళ్లాగి మళ్లీ చూడాలి. వెనకెక్కడో ఉన్న చుక్క అయితే ప్రధాన నక్షత్రంతో పోలిస్తే దాని స్థానం దాదాపు 200 మిల్లీఆర్క్‌సెకన్లు మారుతుంది. తోడు అయితే వెంటే వస్తుంది.

ఏమీ కనిపించకపోతే ఆ ఫలితాన్ని కూడా అంకెలతోనే రాయాలి: ఏ ఎడంలో ఎన్ని మాగ్నిట్యూడ్ల మసక వరకు చూడగలిగామో. కక్ష్యలో ఆ సమయానికి తోడు నక్షత్రం సరిగ్గా మన చూపు వరుసలోకి వచ్చి ఉంటే ఎంత మంచి చిత్రమైనా ఖాళీగానే వస్తుంది. దగ్గరి తోడును పట్టడానికి అప్పుడు రేడియల్ వేగపు (నక్షత్రం మన వైపు, మనకు దూరంగా కదిలే వేగం) దీర్ఘకాలిక కొలతలు అక్కరకొస్తాయి.