పేలుడుతో రూపు మార్చుకునే ఇత్తడి

రైఫిల్ పేలాక బుల్లెట్ వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, ఇత్తడి తొడుగు మాత్రం మిగులుతుంది. అమెరికాలో వేట, గురిపోటీల మీద మక్కువ ఉన్నవారు చాలామంది దాన్ని పారేయరు, ఇంట్లోనే మళ్లీ నింపుకుంటారు. వారిలో కొందరికి మామూలు తొడుగు చాలదు, ఇంకాస్త మందు పట్టేది కావాలి. అలాంటివారికి ఆరాధ్యుడు పి.ఓ. ఆక్లీ (1903–1989) అనే తుపాకుల నిపుణుడు. తూటా (తొడుగు, మందు, బుల్లెట్ కలిసినది) కూర్చునే ఛాంబర్‌ను ఆయన లోపలి నుంచి మరికాస్త తొలిచేవాడు. గోడల వాలు తగ్గేది, భుజం, అంటే తొడుగు సన్నబడి బుల్లెట్‌ను పట్టే మెడగా మారే ఏటవాలు భాగం, మరింత నిటారయ్యేది. .280 రెమింగ్టన్ తూటా భుజం 17.5 డిగ్రీలు ఉంటే, ఆక్లీ రూపంలో అది 40 డిగ్రీలు. దీనివల్ల బుల్లెట్ వేగం పెరిగే మాట నిజమే కానీ, అభిమానులు చెప్పుకునేంత మాత్రం కాదు.

నాకు వేగం కన్నా ఆ తొడుగు తయారయ్యే తీరే ఆసక్తికరం. దానికి వేరే అచ్చు అక్కర్లేదు. మామూలు తూటానే కొత్త ఛాంబర్‌లో పెట్టి పేలుస్తారు. లోపలి పీడనం వాతావరణ పీడనానికి సుమారు 4,000 రెట్లకు చేరుతుంది. ఇత్తడి తన సాగుడు హద్దు, అంటే పాత రూపానికి తిరిగి రాగల హద్దు దాటి, ఉక్కు గోడకు అతుక్కుపోతుంది. ఉక్కు కూడా రవ్వంత ఉబ్బుతుంది కానీ తన హద్దులోనే ఉంటుంది. పీడనం తగ్గగానే ఉక్కు యథాస్థితికి వస్తుంది. ఇత్తడి కొత్త రూపంలోనే ఉండి, వెంట్రుకవాసి ముడుచుకుంటుంది. ఆ కాస్త ముడుచుకోవడం వల్లే ఖాళీ తొడుగు బయటికి వస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. తూటా ముందుకీ వెనక్కీ కదిలే ఖాళీ ఉంటే, వెనక నుంచి కొట్టి పేల్చే పిన్ను దెబ్బకు అది ముందుకు జరుగుతుంది. పలచని గోడలు ఛాంబర్‌ను పట్టుకుంటాయి, మందమైన అడుగుభాగం మాత్రం పీడనానికి వెనక్కి నెట్టుకుపోతుంది. ఈ లాగులాటలో అడుగుకు కాస్త పైన గోడ ఉంగరంలా పలచబడుతుంది, తర్వాతెప్పుడో అక్కడే తెగుతుంది. అందుకే ఆక్లీ ఛాంబర్‌ను మామూలు దానికన్నా అంగుళంలో 0.004 వంతు, అంటే 0.1 మిల్లీమీటరు పొట్టిగా చేస్తారు. మామూలు తూటా మెడ, భుజం కలిసేచోట బిగిసి కదలకుండా నిలుస్తుంది.

తూటాల ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. బాగా సాగే మిశ్రమమే, కానీ సాగిన ప్రతిసారీ గట్టిపడుతుంది. కొట్టగా కొట్టగా బిరుసెక్కిన రేకును కంచరివారు మధ్యమధ్య కాల్చి మెత్తబరిచేది ఇందుకే. తూటా మెడనూ భుజాన్నీ ఇలాగే కాల్చి మెత్తబరుస్తారు, లేకపోతే సాగేటప్పుడు చీలుతాయి. అడుగుభాగానికి మాత్రం వేడి తగలనివ్వరు. అది మెత్తబడితే పీడనాన్ని ఆపలేదు, వేడి వాయువు కాల్చేవాడి ముఖం మీదికి రావచ్చు.

గట్టిపడిన ఇత్తడిలో దాగి ఉండే ఒత్తిడి పేల్చకుండానే చీలికలు తేగలదు. బ్రిటిష్ ఇండియాలో వర్షాకాలం వచ్చిందంటే నిల్వ ఉన్న తూటాలు పగుళ్లిచ్చేవి. గుర్రపుశాలల్లోని అమోనియా, గాలిలోని తేమ, లోహంలో మిగిలిన ఒత్తిడి కలిసి చేసిన పని అది. మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు 1921లో దీన్ని వివరించారు. మెత్తబడనంత తక్కువ వేడి చేసి ఆ ఒత్తిడిని విడిపించవచ్చు. తూటా తొడుగులను అమోనియా కలిసిన పాలిష్‌తో తోమవద్దని ఇప్పటికీ చెప్పేది ఈ కారణంతోనే.