ప్రాథమిక బడి టూర్: పైసలు ఎవరివి, పూచీ ఎవరిది?

బాలల దినోత్సవం దగ్గరపడేసరికి ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల సర్కారు ప్రాథమిక బడుల్లో పిల్లలు అడిగే మాట ఒకటే: "ఈసారి టూర్ ఉందా సార్?" సారు సూటిగా జవాబు చెప్పలేడు. పర్మిషన్ రావాలి, బస్సు కిరాయి పోగవ్వాలి, తల్లిదండ్రుల సంతకాలు తీసుకోవాలి. జరగరానిది జరిగితే ఎవరి మెడకు చుట్టుకుంటుందోనన్న టెన్షన్ వేరే. ఇవన్నీ తేలేలోపే పరీక్షలు వచ్చి పడతాయి. ప్రైవేటు స్కూళ్ల బస్సులు మాత్రం సాగర్ దారి పట్టి పోతూనే ఉంటాయి. ఇది ఇప్పటికిప్పుడు వచ్చిన చిక్కు కాదు. ప్రాథమిక బడి పిల్లల యాత్రను ప్రభుత్వాలు తమ లెక్కలో గట్టిగా రాసుకున్నది ఎప్పుడూ లేదు. టీచరు ఓపికున్నంత కాలం అది నడిచింది.

బస్సులు అందుబాటులో లేని రోజుల్లో బడికి దారి చూపింది వనభోజనాలు. ఊరంతా చెరువు కట్ట మీదికో తోటలోకో పోయి వండుకు తినే ఆనవాయితీ ఇక్కడ పాతదే. పంతుళ్లు దాన్నే వాడుకున్నారు. పిల్లలు తలా ఇన్ని బియ్యం, ఇంత పప్పు తెస్తే చింతచెట్టు కింద పొయ్యి వెలిగేది. కిరాయి లేదు, పై నుంచి ఉత్తర్వుతో పని లేదు.

సాగర్ వచ్చాక టూర్ అంటే బస్సు ఎక్కడమే అయింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మునిగిపోతున్న లోయలో తవ్వి తీసిన బౌద్ధ శిల్పాలను నాగార్జునకొండ మ్యూజియానికి చేర్చారు. 26 గేట్ల డ్యాం, లాంచీ ప్రయాణం, మ్యూజియం, ఎత్తిపోతల జలపాతం ఒక్క రోజులో చూసి రావచ్చు. అంతకన్నా మంచి యాత్ర నల్లగొండ పిల్లలకు దొరకదు, నిజమే. కానీ బస్సుకు, లాంచీకి పైసలు కట్టగలిగిన ఇళ్ల పిల్లలు పోయారు, మిగిలినవాళ్లు బడిలో ఉండిపోయారు. ఆ గీత అప్పుడే పడింది.

పాలమూరు వైపు అంత ఖర్చు లేని చోటు పిల్లలమర్రి. (నల్లగొండ వాళ్లకు పిల్లలమర్రి అంటే సూర్యాపేట దగ్గరి కాకతీయుల గుళ్లు. ఇక్కడ చెప్పేది మహబూబ్‌నగర్ పక్కనున్న మర్రిచెట్టు.) మూడెకరాల దాకా పరుచుకున్న ఆ చెట్టు ఊడల మధ్య తిరగని బడిపిల్లలు ఆ చుట్టుపక్కల తక్కువ. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగింది, సందర్శకులను ఆపేశారు. చెదలు తొలిచిన చెట్టుకు 2018లో సెలైన్ సీసాలతో మందెక్కిస్తున్న ఫొటోలు దేశమంతా తిరిగాయి. చెట్టును కాపాడటం సరైనదే. అయితే దాని దెబ్బ ఎక్కువగా తగిలింది సర్కారు బడికే. సొంత బస్సున్న స్కూలు మరో చోటు వెతుక్కుంటుంది.

పాలమూరు పిల్లలు దూరాలు చూడనివాళ్లేమీ కాదు. బొంబాయి, పుణె అడ్డాలకు వలసపోయిన తల్లిదండ్రుల వెంట వెళ్లి, కట్టే బిల్డింగుల పక్క గుడిసెల్లో నెలలు గడిపినవాళ్లు ఎందరో. వాళ్ల పేరు హాజరు పట్టీలో ఉంటుంది, టూర్ లిస్టులో ఉండదు.

ప్రాథమిక బడి నాలుగు గోడలు దాటాలని ప్రభుత్వం గట్టిగా చెప్పిన కాలం ఒకటి ఉంది. 1980ల్లో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. టీచర్లకు నేర్పిన ఆరు సూత్రాల్లో స్థానిక పరిసరాలను పాఠంగా వాడుకోవడం ఒకటి. పిల్లలు చేసి, చూసి నేర్చుకోవాలన్నది మరొకటి. ఆ శిక్షణ పొందిన పాత సార్లు వాగు ఒడ్డుకూ సంతకూ పిల్లలను నడిపించుకుపోయేవారు. పథకం 1996లో ముగిసింది. తర్వాత వచ్చిన కార్యక్రమాలకు చదవడం, రాయడం, లెక్కలే ముఖ్యమయ్యాయి. అది తప్పని అనను. వాగు దాకా నడకకు మాత్రం మళ్లీ అంత చోటు దొరకలేదు.

యాత్రలు కాగితాల మీదికి తిరిగొచ్చింది 2015లో, పిల్లలకు సైన్సు, లెక్కల మీద ఆసక్తి పెంచే కేంద్ర కార్యక్రమం రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్‌తో. అది ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం. 2020 జాతీయ విద్యా విధానం చెప్పిన పది 'బ్యాగ్ లేని రోజులు' మాత్రం ఆరు నుంచి ఎనిమిది తరగతులకే. విడ్డూరం ఏమిటంటే, బయటికెళ్లి చెరువును, చెట్టును, పోస్టాఫీసును చూసి రమ్మనే పరిసరాల విజ్ఞానం పుస్తకం ఉన్నది మూడు నుంచి ఐదు తరగతుల్లో.

ఈలోగా భయం చేరింది. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు 24 మందిని లాక్కుపోయింది. నెలన్నర తిరిగేసరికి, జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర గేటు లేని క్రాసింగులో స్కూలు బస్సును రైలు ఢీకొంది. ఒకటి కాలేజీ టూర్, రెండోది రోజూ బడికి పోయే బస్సు. ప్రాథమిక బడి యాత్రతో రెండింటికీ సంబంధం లేదు. అయినా తల్లిదండ్రులు జంకారు, ఆఫీసర్లు జంకారు. పేపర్ మీద సంతకం పెట్టడం కన్నా ఫైలు ఆపడం ఎవరికైనా సులువే.

ఒకవేళ అనుమతి వచ్చినా మనుషులేరి? విద్యా హక్కు చట్టం లెక్క ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. ఒకరు పెద్ద తరగతులను తీసుకుపోతే మరొకరు ఒకటి, రెండు తరగతులతో ఉండాలి. మధ్యాహ్న భోజనం అక్కడ మామూలుగా వండాల్సిందే. దేవరకొండ వైపు తండాల్లోని ఏకోపాధ్యాయ బడికి ఆ వీలు కూడా లేదు.

2023-24 నుంచి తెలంగాణలో ప్రతి నెలా నాలుగో శనివారం 'నో బ్యాగ్ డే' వచ్చింది. రోజైతే దొరికింది. నల్లగొండ పట్టణం చుట్టుపక్కల బడులకు పానగల్ ఛాయా సోమేశ్వరాలయం ఆటో దూరం. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా కదలని నీడ ఏ స్తంభానిదో కనిపెట్టమంటే పిల్లలు ఒక్కో స్తంభం పక్కన నిలబడి చూస్తారు, జవాబు దొరకదు. వేర్వేరు వైపుల నుంచి వెలుగు పడేలా కుందూరు చోళుల కాలపు శిల్పులు స్తంభాలను పేర్చారని సారు విడమర్చి చెప్పొచ్చు. ఆటో కిరాయి మాత్రం ఊళ్లో ఎవరినైనా అడగాలి, లేదా సారే పెట్టుకోవాలి.