ఆపదలో ఉన్నవారికి మానసిక తోడు: మనవాళ్ల అపోహలు కొన్ని

కర్నూలులో కొత్తగా వచ్చే స్వచ్ఛంద సేవకులకు శిక్షణ ఇస్తుంటాను. ప్రమాదమో వరదో జరిగిన చోట మేము చేసే పనిని మానసిక ప్రథమ చికిత్స అంటారు. దాని గురించి తరచూ వినిపించే మాటలివి.

అపోహ: జరిగిందంతా చెప్పిస్తే గుండె బరువు దిగుతుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది ఈ నమ్మకమే. ఒకప్పుడు నిపుణులూ ఇలాగే అనుకున్నారు. ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే బాధితులను కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా చెప్పించేవారు. దానివల్ల తర్వాతి మానసిక సమస్యలు ఆగవని, కొందరికి హాని కూడా జరగవచ్చని పరిశోధనల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మార్గదర్శకం పనిని మూడు ముక్కల్లో చెబుతుంది: చూడాలి, వినాలి, అవసరమైన సాయంతో కలపాలి. 'అడిగి చెప్పించాలి' అన్నది అందులో లేదు.

2021 నవంబరు 19న కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ల మీద పడింది. అంతటి విపత్తు జరిగితే నాయకులు వస్తారు, అధికారులు వస్తారు, కెమెరాలు వస్తాయి. ప్రతి ఒక్కరికీ ఆ ఉదయం గురించే కావాలి. ఆ వరుసలో మనమూ నిలబడటం దేనికి? వాళ్లంతట వాళ్లు చెబితే మధ్యలో అడ్డు రాకుండా వినండి, చాలు.

అపోహ: ఇది మాటకారులు చేసే పని.

వాస్తవం: హైవే మీద ప్రమాదం జరిగి, అనంతపురం వైపు నుంచి ఓ కుటుంబం ఆసుపత్రి మార్చురీ దగ్గరికి చేరిందనుకుందాం. పెద్దావిడ నేల మీద కూలబడి ఉంటుంది. కొడుకు ఫోనులో చార్జింగ్ అయిపోతుంటుంది. శవాన్ని ఎందుకు ఇవ్వడం లేదో ఎవరూ చెప్పరు. అక్కడ "అవ్వా, ఇటు నీడలో కూర్చో" అని చెయ్యి పట్టుకుని లేపాలి. నీళ్లివ్వాలి, చార్జరు చూడాలి. పోలీసుల పంచనామా పూర్తయ్యాకే పోస్టుమార్టం మొదలవుతుందని, కావాలని ఆలస్యం చేయడం లేదని విడమరచి చెప్పాలి. ఏం జరుగుతోందో తెలియకపోతే బాధకు భయం కూడా తోడవుతుంది. తెలియజెప్పడం మన చేతిలో పని. నా అనుభవంలో గంభీరంగా మాట్లాడేవారికన్నా ఆసుపత్రిలో ఏ కిటికీ దగ్గర ఏ కాగితం ఇస్తారో తెలిసినవారే ఎక్కువ పనికొస్తారు.

అపోహ: ఏడుపు మాన్పించాలి.

వాస్తవం: అక్కర్లేదు. "దేవుడు ఇంతే రాశాడు", "నీకు ఇంకో బిడ్డ ఉన్నాడు కదా" అనే మాటలు అసలే వద్దు.

అపోహ: ఇంత చూసినవారికి మతి చలించక మానదు, నిద్రమాత్రలు మొదలుపెట్టాల్సిందే.

వాస్తవం: తొలి వారాల్లో నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఉత్తపుణ్యానికి కోపం రావడం మామూలే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలును ముంచెత్తాయి. ఆ తర్వాత ముసురు పట్టినప్పుడల్లా సామాను మిద్దె మీదికి మోసుకున్నారంటే దాన్ని జబ్బు అనకూడదు. అయినవాళ్లు దగ్గరుండి, రోజువారీ పనులు మళ్లీ మొదలైతే చాలామంది వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు. నిద్రమాత్రలు వైద్యుడు చూసి ఇవ్వాలి. ఇంట్లో ఎవరికో రాసినవి పంచుకోవడం ప్రమాదం.

నెల దాటినా తగ్గకపోతే, పనీ తిండీ సాగకపోతే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. చచ్చిపోతానని అంటుంటే ఒక్క రోజు కూడా ఆగవద్దు, ఒంటరిగా వదలవద్దు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీమానస్‌కు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

అపోహ: ధైర్యం కోసం ఒక మాట ఎక్కువ చెప్పినా తప్పు లేదు.

వాస్తవం: "పరిహారం తప్పకుండా వస్తుంది" అని చెప్పడానికి మనమెవరం? ఆ మాట నమ్మి వాళ్లు కార్యాలయాల చుట్టూ తిరుగుతారు. దాని బదులు ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, బ్యాంకు పాసుపుస్తకం ఒక సంచిలో పెట్టి ఇంట్లో ఎవరికి అప్పగించాలో అడిగి, వారి చేతికివ్వండి.