వానలో తడిస్తే జలుబు రాదు: బడి పిల్లల జబ్బులపై అపోహలు - వాస్తవాలు

కోనసీమ లంక ఊళ్లలో పద్దెనిమిదేళ్లుగా ఏఎన్ఎంగా, అంటే ఊరి నర్సుగా తిరుగుతున్నాను. జూన్‌లో బడులు తెరుస్తారు, వానలు మొదలవుతాయి. జులై, ఆగస్టు వచ్చేసరికి తరగతి గదిలో సగం బల్లలు ఖాళీ. ప్రతి ఏడూ ఇదే వరస.

అపోహ: వానలో తడిశాడు, అందుకే జలుబు.

జలుబు తెచ్చేది వైరస్. జల్లు కొడుతోందని కిటికీలన్నీ బిగించేస్తే ఒకడు దగ్గిన గాలే నలభైమందీ పీలుస్తారు. జల్లు పడని వైపు కిటికీలు తీసే ఉంచండి. జలుబుకి యాంటీబయాటిక్ పనిచేయదు, అడిగి మరీ రాయించుకోకండి.

అపోహ: సిరప్ పోశాం, జ్వరం దిగింది, బడికి పంపొచ్చు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. పోయినేడు రెండో తరగతి పాప ఒకతె ప్రార్థనలో చక్కగా నిలబడింది. పొద్దున్న ఎనిమిదింటికి వాళ్లమ్మ పారాసిటమాల్ పోసింది. ఆ మందు పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. అన్నం గంట కొట్టేసరికి పాప బల్ల మీద తల వాల్చేసింది. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. పొద్దుటినుంచీ పక్క పాపా తనూ ఒకే సీసాలో నీళ్లు తాగుతూనే ఉన్నారు.

ఫ్లూ అయితే లక్షణాలు కనబడటానికి ఒకరోజు ముందునుంచే అంటుకుంటుంది. ఆ తర్వాత ఐదు నుంచి ఏడు రోజులు. అందుకే మందు వేయకుండా 24 గంటలపాటు జ్వరం రాకపోతేనే పంపండి.

“కూలికెళ్లాలండి, ఇంట్లో ఎవరు చూస్తారండి?” అంటారు తల్లులు. ఆ ఇబ్బంది నిజమే. పక్కింటి మామ్మగారినైనా బతిమాలుకోండమ్మా. బడి పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు పోతాయని మాత్రం టెన్షన్ వద్దు. దానికి కావాల్సిన 75 శాతం హాజరంటే నాలుగు రోజుల్లో ఒకరోజు మానినా సరిపోతుంది. మేష్టార్లకూ ఒక మనవి: నూరు శాతం హాజరుకి బహుమతులు పెట్టకండి. ఆ బహుమతి కోసం పిల్లలు జ్వరంతోనే వచ్చేస్తారు.

అపోహ: అన్నానికి ముందు చేతులు తడుపుకుంటే చాలు.

కుళాయి దగ్గర పావుగంట నిలబడి చూడండి. వెనకవాడు తోస్తుంటే ముందువాడు వేళ్లు అలా తడిపి, నిక్కరుకి తుడుచుకుని కంచం పట్టుకుంటాడు. సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి, వేళ్ల సందుల్లో, గోళ్ల దగ్గర కూడా. సబ్బు పోతోందని ఒక బడిలో బీరువాలో దాచారు. మేం ఉల్లిపాయల వలసంచిలో సబ్బు ముక్కలు వేసి కుళాయికే కట్టేశాం. నెల దాటినా అక్కడే ఉంది.

అపోహ: కళ్లకలక కళ్లలోకి చూస్తే వస్తుంది.

చూస్తే రాదు. ఆ కళ్లు తుడిచిన చేయి, తువ్వాలు, జేబురుమాలు, కాటుక తగిలితే వస్తుంది. కళ్లలో చనుబాలు పిండకండి.

అపోహ: డెంగీ వచ్చినవాడి పక్కన కూర్చుంటే అంటుకుంటుంది.

మనిషినుంచి నేరుగా అంటదు. జ్వరమొచ్చినవాణ్ని కుట్టిన దోమే ఇంకొకరికి చేరుస్తుంది. ఆ దోమ పగలు, అంటే బడి వేళల్లోనే కుడుతుంది. కాబట్టి ఇంట్లో ఉన్న రోగిని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టాలి.

మురుగుకాలువలో బ్లీచింగ్ చల్లితే సరిపోతుందనుకుంటారు. ఈ దోమ గుడ్లు పెట్టేది నిలవున్న మంచినీళ్లలో. మన దగ్గరైతే కొబ్బరి చిప్పలు, తాగి పడేసిన బొండాం డొక్కలు. గుడ్డు దోమ కావడానికి వారం పదిరోజులు పడుతుంది, వారానికోసారి నిలవ నీళ్లన్నీ పారబోసే శుక్రవారం డ్రై డే పెట్టింది అందుకే. తొట్టెలు పారబోసి ఊరుకోకుండా గోడలు కూడా పీచుతో రుద్దండి, గుడ్లు అక్కడే అంటుకుని ఉంటాయి. పోయిన శుక్రవారం ఐదో తరగతి పిల్లలు బడి వెనక నీళ్లు నిండిన డొక్కలు పదకొండు ఏరారు. ఏడింటిలో తోకపురుగులు, అంటే దోమ పిల్లలు ఉన్నాయి.