మైకుకు రాత్రి పది గంటల గడువు ఎలా వచ్చింది

ఊరేగింపులో డీజే బండి వీధిలోకి వచ్చి కిటికీ అద్దాలు అదిరిన ప్రతిసారీ దీనికి చట్టమే లేదా అన్న ప్రశ్న లేస్తుంది. చట్టం ఉంది, కాకపోతే చాలా ఆలస్యంగా వచ్చింది. 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టంలో మొదట శబ్దం ఊసే లేదు. 1987 సవరణతోనే దానినీ కాలుష్యకారకంగా చేర్చారు.

1998లో ఒక ఇంజనీరు సుప్రీంకోర్టుకు వెళ్లడం వెనుక ఘోరమైన సంఘటన ఉంది. అత్యాచారానికి గురైన పదమూడేళ్ల బాలిక వేసిన కేకలు, పక్కనే మోగుతున్న లౌడ్‌స్పీకర్ల హోరులో ఎవరికీ వినపడలేదు. ఆ సాయంత్రమే ఆమె ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. శబ్దాన్ని చిన్న అసౌకర్యంగా కొట్టిపారేసేవారు ఈ కేసు పుట్టుకను తప్పక తెలుసుకోవాలి.

ఆ వ్యాజ్యం నడుస్తుండగానే, 2000 ఫిబ్రవరి 14న కేంద్రం శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలను ప్రకటించింది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌ను పరిమితిగా పెట్టి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగ స్థలాల్లో మైకులను నిషేధించింది. అదే ఏడాది ఆగస్టులో, చెన్నైలోని ఒక చర్చి కేసులో, ఇతరుల ప్రశాంతతకు భంగం కలిగిస్తూ ప్రార్థనలు చేయమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

రెండేళ్లకే సడలింపు వచ్చింది. పండుగలు, సాంస్కృతిక ఉత్సవాల కోసం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి వరకు అనుమతించే అధికారాన్ని 2002 సవరణ రాష్ట్రాలకు ఇచ్చింది. 2005 జూలైలో, ఇంజనీరు వేసిన కేసు తీర్పులో, శబ్దపీడ లేకుండా బతకడం జీవించే హక్కులో భాగమని చెప్పిన సుప్రీంకోర్టు, అక్టోబరులో ఆ సడలింపునూ సమర్థించింది.

నా దృష్టిలో అసలు చిక్కు సడలింపులో లేదు, ఫిర్యాదు పద్ధతిలో ఉంది. పగటిపూట శబ్దం పరిమితిని కనీసం 10 డెసిబెల్స్ దాటితేనే నియమాల కింద ఫిర్యాదుకు వీలుంటుంది. అంత దాటిందని తేల్చడానికి మీటరు వచ్చేలోపు ఊరేగింపు పక్క వీధికి వెళ్లిపోతుంది. అందుకే, 2024లో వినాయక నిమజ్జనం, మిలాద్ ఊరేగింపులు ముగిశాక, హైదరాబాద్ పోలీసులు అక్టోబరులో డెసిబెల్స్ లెక్కకే పరిమితం కాకుండా మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించి, మామూలు సౌండ్ సిస్టమ్‌లకు సైతం ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు.